రెండు తలుపుల గూడు

"ఆంటీ, మా వంటింటి గోడలో ఒక గూడుంది. దానికి ఇటొక తలుపు, అటొక తలుపు. ఇది దేనికి?" అని అడిగింది హరిణి ఫోన్లో.

"బూట్లు పెట్టుకోడానికి," అన్నాను.

"వంటింట్లోనా?"

"వంటింట్లోనే."

"ఛీ," అంది. ఆ పిల్ల తప్పేం లేదు. మొదటిసారి చూసినప్పుడు నేను అంతకంటే పెద్ద మాటే అన్నాను, అదీ ఆయన మొహం మీద.

హరిణీ వాళ్ళాయనా ఈ మధ్యే ఆ ఇల్లు కొనుక్కున్నారు. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్న పెద్దాయన పోయాడు. వాంకూవర్ నించి మేనల్లుడొకడు వచ్చి, సామానంతా బయట పెట్టించి, ఇల్లు అమ్మకానికి పెట్టి వెళ్ళిపోయాడు. కెనడాలోని మా విండ్సర్‌లో తెలుగువాళ్ళు ఇల్లు కొంటే ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఎవరు బాగుచేస్తారు, పూజకి ఎవరొస్తారు అని నాకు ఫోన్ చేస్తుంటారు. గోడలో గూడు గురించి అడగడం మాత్రం ఇదే మొదలు.

"మూసేసి ప్లాస్టర్ చేయించేద్దామనుకుంటున్నాం. లోపల ఏదో స్పాంజిలాంటిది అంటించి ఉంది ఆంటీ. మీరొకసారి వచ్చి చూస్తారా?" అంది.

వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక కుర్చీలోంచి లేవడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనకి నచ్చదు. రైల్లో ఎక్కిన వాళ్ళ పేర్లు బయట చెప్పుకోవడం మర్యాద కాదనేవాడు. ఏ రైలంటారా, అక్కడికే వస్తున్నాను.

పూర్వం న్యూయార్క్ నించి చికాగోకి ఒక రాత్రి రైలు నడిచేది. డబ్బున్నవాళ్ళ రైలు. ఆయన దాని గురించి ఎప్పుడూ ఇవాళ కూడా నడుస్తున్నట్టే మాట్లాడేవాడు. "సాయంత్రం ఆరింటికి కదుల్తుంది. ప్లాట్‌ఫాం పొడుగునా ఎర్ర తివాచీ పరుస్తారు. ఎక్కే మగవాళ్ళ కోటుకి పువ్వు, ఆడవాళ్ళకి అత్తరు. లోపల క్షవరం చేసేవాడున్నాడు, ఉత్తరాలు టైపు చేసిపెట్టేవాళ్ళున్నారు. భోజనాల వేళకి ఒకాయన చేతిలో చిన్న గంటల పలక పట్టుకుని, దాని మీద పాటలాగా వాయించుకుంటూ పెట్టె పెట్టెకీ వెళ్తాడు. పొద్దున్న నువ్వు లేచేసరికి పేపరు తలుపు దగ్గర ఉంటుంది."

"ఆ రైలు ఆగిపోయి యాభై ఏళ్ళు దాటింది కదా బాబాయిగారూ."

"అవును. కొంచెం లేటు," అనేవాడు, నవ్వకుండా.

మనిషి సన్నగా, పొడుగ్గా, ఎండాకాలంలో కూడా కోటుతో ఉండేవాడు. గడియారం మణికట్టుకి లోపలివైపు పెట్టుకునేవాడు. ఏ తలుపైనా, తన ఇంటి తలుపైనా సరే, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి ఒక్క క్షణం ఆగి తీసేవాడు. అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది ఆయన నడక. తన ఇంట్లో నడవలో నడిచేటప్పుడు ఒక పక్కకి ఒత్తిగిలి, గోడకి భుజం ఆనించి నడిచేవాడు. రైల్లో ఎదురుగా ఎవరో వస్తుంటే దారి ఇచ్చినట్టు. భార్య పోయి చాలా ఏళ్ళు, పిల్లల్లేరు. ఆ నడవలో ఆయనకి ఎదురొచ్చేవాళ్ళెవరూ లేరు.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కార్ల ఫ్యాక్టరీలకి సీట్లు డిజైన్ చేశాడు. ఎవరి కారెక్కినా ముందు సీటు అంచు నొక్కి చూసి, పెదవి విరిచేవాడు. నా కారెక్కినప్పుడు కూడా విరిచాడు. "నడుముకి మంచిది కాదమ్మా ఇది," అన్నాడు. "కిరాయిలేదుగా, సర్దుకోండి," అన్నాను.

మా పరిచయమే పోట్లాటతో మొదలైంది. ఒక ఉగాది భోజనాల్లో అందరం ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డాం. నా వెనక నించి ఒక గొంతు, "పిలిచి భోజనం పెడుతూ క్యూలో నిలబెట్టడం ఏం మర్యాద?" అంది. నేను పొద్దున్నించీ అక్కడ పులిహోర కలిపి చేతులు పడిపోయి ఉన్నాను. వెనక్కి తిరిగి, "అంత బాధైతే మీరే వడ్డించండి," అన్నాను. ఆయన ప్లేటు పక్కన పెట్టి, కోటు జేబులోంచి తెల్లటి తుండు తీసి ముంజేతి మీద వేసుకుని, నిజంగానే వడ్డించడం మొదలుపెట్టాడు. తుండు ముందే జేబులో ఉంది, చూడండి! ఆ రోజునించీ, మాటకి మాట వాదిస్తానని, నేను ఆయనకి లాయరమ్మని.

ఆ తర్వాత పిల్లలొచ్చారు. చదువుల కోసం అలా మంద మందలుగా రావడం నా ముప్ఫై ఏళ్ళ కెనడాలో చూళ్ళేదు. ఏ బస్సెక్కినా తెలుగు, ఏ కాఫీ కౌంటర్ వెనక చూసినా తెలుగు. ఒక్కో బేస్‌మెంట్‌లో పరుపు పక్కన పరుపు. నేను పనిచేసేది అమెరికాలోకి వెళ్ళే డెట్రాయిట్ వంతెన దగ్గర, లారీల కస్టమ్స్ కాగితాలు చూసే ఆఫీసులో. పగలంతా లారీవాళ్ళతో వాదించి ఇంటికొస్తే ఫోన్లు. "ఆంటీ, నమస్తే, మా కజిన్ మీ నంబరిచ్చింది. గర్ల్స్‌కి ఎక్కడైనా రూమ్ ఉందా?"

ఆయన ఇంటి వెనక సగం ఖాళీగా ఉండేది. ఒక హాలు, దాని కింద బేస్‌మెంట్‌లో గదులు, వేరే గుమ్మం. ఆయన వంటింటికీ ఆ హాలుకీ మధ్య ఒక్కటే గోడ. వెళ్ళి అడిగాను, నలుగురు ఆడపిల్లలకి అద్దెకిస్తారా అని. "ఎన్నింటికి ఎక్కుతారు?" అన్నాడు.

"ఎక్కడమేంటండీ? ఎయిర్‌పోర్ట్ నించి వ్యాన్‌లో వస్తారు."

"అదే. ఎన్నింటికి?"

వాళ్ళొచ్చేసరికి జనవరి మంచు మీద, వ్యాన్ ఆగేచోటు నించి వెనక గుమ్మం దాకా ఎర్ర తివాచీ పరిచి ఉంది. మూతపడిన హోటల్ సామాను అమ్మకంలో కొన్నాడట. చివర ఆయన, కోటులో, చేతులు వెనక్కి కట్టుకుని. నలుగురిలో ముందు దిగింది శ్రావ్య, నిజామాబాద్ పిల్ల. తివాచీ అంచు దాకా వచ్చి ఆగింది. కిందికి చూసింది, ఆయన్ని చూసింది. వంగి గబగబా బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, మేజోళ్ళతో తివాచీ మీద కాలు పెట్టింది. ఆ పిల్లని చూసి మిగతా ముగ్గురూ విప్పేశారు.

"అయ్యో, వేసుకోండమ్మా వేసుకోండి! ఇది రైలు, గుడి కాదు!" అని పరుగెత్తుకొచ్చాడు ఆయన.

"రైలా?" అంది శ్రావ్య నావైపు తిరిగి, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే. "ఆంటీ, ఇల్లన్నరు గదా?"

ఆయన ఆశ ఒక్కటే, దాన్ని దాచుకోలేదు కూడా. సాయంత్రం ఆరింటికి అందరూ తన బల్ల దగ్గర కూచుని తినాలి. ఆ రైలు భోజనాల పెట్టెలో ఎవరు ఎవరి పక్కన కూచోవాలో ప్రయాణికులు ఎంచుకోరట, వడ్డించే పెద్దమనిషే చూసి కూచోబెడతాడట, ముక్కూ మొహం తెలియని నలుగుర్ని ఒక బల్ల దగ్గర. "భోజనం అయ్యేసరికి వాళ్ళు కొత్తవాళ్ళు కారు," అనేవాడు. మొదటి వారం పిల్లలు వచ్చారు. ఇంటాయన పిలిస్తే రాకపోతే ఏమవుతుందో అన్న భయం కొంత. ఆయన గంటల పలక వాయించాడు, కూచోబెట్టాడు, వడ్డించాడు. తను కూచోలేదు. పప్పులో ఉప్పు తక్కువైనా ఎవరూ అనలేదు.

తర్వాత వాళ్ళకి పనులు దొరికాయి. ఒకమ్మాయికి బేకరీలో తెల్లారకముందే షిఫ్టు, ఇంకోమ్మాయికి గోడౌన్‌లో సాయంత్రం షిఫ్టు, మధ్యలో క్లాసులు. ఒకరోజు నేను వెళ్ళేసరికి ఆరు దాటింది. బల్ల మీద అన్ని కంచాలూ బోర్లించి ఉన్నాయి. ఆయన గోడ దగ్గర నిలబడి ఉన్నాడు, తుండు ముంజేతి మీద.

"రైలుకి ఒక టైమంటూ ఉంటుంది," అన్నాడు.

"ఇక్కడ ప్రయాణికులే బొగ్గు వేసుకుంటూ రైలు నడుపుకుంటున్నారు బాబాయిగారూ. వాళ్ళకి కూచునే తీరికేదీ?"

ఆయన ఆ వారాంతం వంటింటి గోడ కోశాడు.

ఆ రైల్లో ప్రతి గదికీ గోడలో చిన్న గూడు ఉండేదట, రెండు తలుపులతో. రాత్రి పడుకునేముందు బూట్లు లోపలినించి పెడితే, పనివాడు నడవవైపు నించి తలుపు తీసి, తీసుకెళ్ళి పాలిష్ చేసి మళ్ళీ పెట్టేసేవాడు. నిద్ర చెడదు, ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. ఆయన తన వంటింటి గోడకి సరిగ్గా అలాంటిదే పెట్టాడు. అవతల పిల్లల హాలు. సాయంత్రం ఆయన ఇటునించి గిన్నెలు పెడతాడు, ఎవరు ఏ వేళకొస్తే వాళ్ళు అటునించి తీసుకుంటారు. వాళ్ళ బూట్లు అటునించి పెడితే, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి బూట్ల మీద పడే తెల్ల చారలు తుడిచి, పాలిష్ చేసి పెడతాడు.

నేను చూసినరోజు ఆ గూట్లో ఇడ్లీ గిన్నె, దాని పక్కన ఒక జత బూట్లు.

"మీకేమైనా మతి పోయిందా? బూట్ల పక్కన ఇడ్లీలు పెడతారా? ఏ కొంపలోనైనా చూశామా ఈ విడ్డూరం?"

"మూత పెట్టానుగా లాయరమ్మా."

"ఆ పిల్లలు మొహమాటానికి తింటున్నారు గానీ, వాళ్ళమ్మలకి తెలిస్తే ఫ్లైటెక్కి వచ్చి మిమ్మల్ని తంతారు."

మర్నాటికి గూటి మధ్యలో అర వచ్చింది. పైన తిండి, కింద బూట్లు. ఆ అర నా తిట్ల పుణ్యమే. వంట ఆలస్యమైన రోజు గిన్నె మీద ఒక చాక్లెట్ ఉండేది. రైలు లేటైతే కంపెనీ ప్రయాణికులకి పరిహారం ఇచ్చేదట. పిల్లలు ఆయన ఎప్పుడు లేటు చేస్తాడా అని ఎదురుచూసేవారని తర్వాత తెలిసింది.

ఇంతవరకూ బాగానే ఉంది. రెండో చలికాలంలో ఒక ఆదివారం శ్రావ్య, లిఖిత మా ఇంటికొచ్చారు. లిఖితది కడప, నలుగుర్లో చిన్నది. ఇద్దరూ చలికోట్లు విప్పకుండా సోఫా అంచు మీద కూచున్నారు.

"ఆంటీ, అంకుల్ ఇంట్లో మైక్ పెట్టిండేమో అని డౌటొస్తుంది," అంది శ్రావ్య.

"ఏం మైకు?"

"మొన్న నేను తినుకుంట అన్న, చింతకాయ తొక్కు తినాలనుంది అని. ఊర్కనే అన్న. తెల్లారి గూట్లో చింతకాయ తొక్కు. ఇండియన్ షాపుకి పోయి తెచ్చిండు."

"నీకు తొక్కు పెట్టడం నేరమా?"

"అది కాదాంటీ," అంది లిఖిత. "మా నాయనకి ఆపరేషనని ఫోనొచ్చింది నాకు. హాల్లో కూచోని ఏడ్చినా. ఈళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలే. పొద్దన్నే నా గిన్నె మీద ఎర్ర పువ్వు పెట్టినాడు. ఒక్క నా గిన్నె మీదే. భయమైంది ఆంటీ. ఇల్లు మారిపోతాం మేము."

ఆ పిల్లల్ని ఆ ఇంట్లో పెట్టింది నేను. కారు తీసి అప్పుడే వెళ్ళాను.

ఆయన దాచలేదు. నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, గూటి పక్కన ఉన్న కుర్చీ చూపించాడు. బల్ల గది మధ్యలో ఉంది, కుర్చీ ఒక్కటీ గోడ దగ్గరుంది. పక్కనే చిన్న స్టూలు, దాని మీద ఆయన కంచం. గూటి తలుపు తెరవక్కర్లేకపోయింది. అవతల హాల్లో మిగతా ఇద్దరు పిల్లలు ఏదో వీడియో చూసి నవ్వుతున్నారు. ఆ నవ్వు పల్చటి చెక్క తలుపుల్లోంచి మా మధ్యకొచ్చి పడింది. ఇక్కడే కూచుని నవ్వినట్టుంది.

"వాళ్ళు ఎప్పుడు తింటే అప్పుడే తింటాను నేను," అన్నాడు.

"ఆడపిల్లల మాటలు చాటుగా వింటున్నారా?"

"మాటలు వినను. చప్పుడు వింటాను."

"చప్పుడే వింటే చింతకాయ పచ్చడి ఎలా వచ్చింది?"

ఆయన చిక్కుపడ్డాడు. "పచ్చడి మాట కొంచెం గట్టిగా అంది," అన్నాడు.

"మరి ఏడుపు?"

దానికి ఆయన కుర్చీలో కూచుని ఆ రైలు సంగతి చెప్పాడు. అన్నాళ్ళూ నేను వినని సంగతి. ఆ రైలు ఆయన ఎక్కింది ఒక్కసారి. చదువుకోడానికి వచ్చిన కొత్తలో, విదేశీ విద్యార్థుల్ని ఆదరించే ఒక ముసలమ్మగారు ముచ్చటపడి కొనిచ్చిన టిక్కెట్టు. గంటలు వాయిస్తూ మనిషి వచ్చి వెళ్ళాడు. ఈయన భోజనానికి వెళ్ళలేదు. వెళ్తే ఎవరి పక్కన కూచోబెడతారో, ఏం మాంసం పెడతారో, ఏ ఫోర్కు దేనికో. తలుపేసుకుని కూచున్నాడు, ఆకలితో. బూట్లు మాత్రం గూట్లో పెట్టాడు, గోడ మీద అలా చెయ్యమని రాసి ఉంది గనక. తర్వాత ఆ గూట్లోంచి మాటలు వినపడ్డాయి. అవతల నడవలో పనివాళ్ళు బూట్లు తుడుస్తూ కబుర్లు చెప్పుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. "ఈ ఖండంలో దిగాక అందరూ నాతో మాట్లాడిందే, నీ దేశమేది, నీ పేరెలా పలకాలి అని. నా కోసం కాని మాటలు నా చెవిన పడటం అదే మొదలు. ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో అంతేగా, పక్కగదిలో ఎవరో ఎవరితోనో ఏదో అనుకుంటూ ఉంటారు." తెల్లారి గూడు తెరిస్తే బూట్లు తళతళా మెరుస్తున్నాయి. వాటి పక్కన గుడ్డలో చుట్టి రెండు రొట్టెలు, ఒక అరటిపండు. భోజనానికి రాలేదని ఎవరో గమనించారు. ఎవరో ఈయన చూడలేదు.

బూట్ల పక్కన ఇడ్లీలు ఎక్కణ్ణించొచ్చాయో అప్పుడర్థమైంది నాకు.

అయినా నేను తగ్గలేదు. "వాళ్ళు నడవలో మాట్లాడుకున్నారు. నడవలో ఎవరైనా వింటారని వాళ్ళకి తెలుసు. ఈ పిల్లలకి తెలీదు. మీరు వాళ్ళకి చెప్పాలి."

"చెప్తే మాట్లాడుకోరు."

"మాట్లాడుకోకపోవచ్చు. అయినా చెప్పాలి."

"గుసగుసలాడతారు, లాయరమ్మా. ఇల్లంతా గుసగుసలైపోతుంది."

"మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

నేనన్నది తప్పని ఇవాళ్టికీ ఒప్పుకోను. ఆడపిల్లలు అన్నం తింటూ ఏం మాట్లాడుకుంటారో వినే హక్కు ఎవరికీ లేదు, ఎంత మంచివాడికైనా లేదు. ఆయన నా మొహంలోకి చూశాడు. నేను వాదన వదలనని ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఊళ్ళో లేరు.

మర్నాడు ఆరింటికి గంటలు వాయించి నలుగుర్నీ పిలిచాడు. నేనూ వెళ్ళాను. కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, మన రైల్వే స్టేషన్లలో మైకులో చెప్పినట్టు మొదలుపెట్టాడు. "దయచేసి వినండి. ఈ గూట్లోంచి మీ మాటలు నా వంటింట్లోకి వినపడుతున్నాయి. ఇన్నాళ్ళూ నేను విన్నాను. మీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. రేపటినించి వినపడవు. మీ ప్రయాణానికి అంతరాయం కలిగించినందుకు చింతిస్తున్నాను."

ఎవరూ నవ్వలేదు. లిఖిత మాత్రం, "అన్నీ విన్నారా అంకుల్?" అంది నెమ్మదిగా.

"గిన్నెల చప్పుడే ఎక్కువమ్మా," అన్నాడు.

"నాయనకి బాగైంది. ఇంటికొచ్చినాడు."

"మంచిది," అని గంటల పలక తీసుకుని లోపలికెళ్ళిపోయాడు.

గరాజ్‌లో ఆయన దగ్గర కారు సీట్ల ఫోమ్ ఉండేది, రెండంగుళాల మందం. అది కోసి గూటి రెండు తలుపులకీ లోపలివైపు అంటించాడు, అంచులు కూడా వదలకుండా. మైకు లేదని తెలిశాక పిల్లలు ఇల్లు మారలేదు. గిన్నెలు గూట్లోకి వస్తూనే ఉన్నాయి. కాకపోతే సోమవారం ఇది, మంగళవారం ఇది అని ముందే రాసి తలుపుకి అంటించాడు, రైలు భోజనాల పట్టీలాగా. ఎవరేం తినాలనుకుంటున్నారో ఇక ఆయనకి తెలిసే దారి లేదు.

కొన్నాళ్ళకి వెళ్ళి, "ఎలా ఉన్నారు?" అని అడిగాను.

"ఫ్రిజ్ మోగుతోందమ్మా. ఇంత గట్టిగా మోగుతుందని ఇన్నాళ్ళూ తెలీలేదు," అన్నాడు.

చదువులైపోయి, వర్క్ పర్మిట్లు చేతికొచ్చి, పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఒకరు బ్రాంప్టన్, ఇద్దరు నార్త్ యార్క్, శ్రావ్య కాల్గరీ. ప్రతిసారీ తివాచీ పరిచాడు. ప్రతిసారీ ఆ పిల్ల కోటుకి పువ్వు పెట్టాడు. వ్యాన్ మలుపు తిరిగాక ఒక చివర ఆయనా ఇంకో చివర నేనూ పట్టుకుని తివాచీ చుట్టేవాళ్ళం. శ్రావ్య వెళ్ళినరోజు ఆయన చుట్టనివ్వలేదు. "కాసేపు ఉండనీ," అన్నాడు. సాయంత్రం నేను ఆఫీసు నించి అటుగా వస్తే అది అలాగే ఉంది, మంచు పడి సగం తెల్లగా. అప్పటికి కొత్త పిల్లలు రావడం తగ్గిపోయింది. రూమ్ కోసం నాకు వచ్చే ఫోన్లూ తగ్గాయి. తర్వాతి శరత్కాలంలో ఆయన నిద్రలో పోయాడు. పోయినరోజు పొద్దున్న పేపరు గుమ్మం దగ్గరే ఉందని పక్కింటావిడ చెప్పింది.

ఇదీ ఆయన. హరిణి ఇంటికి నిన్న వెళ్ళాను.

వంటింటికి కొత్త రంగు వేశారు. నేల ఇంకా మార్చలేదు. గూటి పక్కన నేల మీద నాలుగు గుంటలున్నాయి, కుర్చీ కాళ్ళవి, బాగా లోతుగా. ఫోమ్ అంటించాక కూడా ఆయన కుర్చీని మళ్ళీ బల్ల దగ్గరికి జరపలేదన్నమాట.

గూటి తలుపు తీశాను. లోపలివైపు ఫోమ్ చెక్కుచెదరకుండా ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయి నెమ్మదిగా పైకొచ్చింది. మంచి సరుకు. లోపల చీకట్లో అవతలి వైపు కనపడక, చెయ్యి పెట్టి ఆ తలుపు తడిమాను. అక్కడ ఫోమ్ లేదు. ఉత్త చెక్క, గరుగ్గా ఎండిపోయిన జిగురు. ఎవరో చాకుతో అంచులు కోసి జాగ్రత్తగా ఊడదీశారు.

"మీరు తీశారా?" అన్నాను హరిణితో.

"లేదాంటీ. మేం వచ్చేసరికే అలా ఉంది."

అక్కడే నిలబడి కాల్గరీకి ఫోన్ చేశాను.

"మా దిక్కుది మేమే తీసినం ఆంటీ," అంది శ్రావ్య. "అంకుల్ అంటించిన వారంలోనే. లిఖిత చాకు పట్టుకుంది, నేను గుంజిన."

"ఎందుకే?"

"ఏమో ఆంటీ. చెప్పకుండ వింటుండంటే భయమైంది గానీ, చెప్పినంక ఇంకేం భయం? పాపం, ఒక్కడే ఉంటడు గదా అనుకున్నం. అప్పట్నించి తినేటప్పుడు కావాలని గట్టిగ మాట్లాడేటోళ్ళం. లిఖిత ఐతే గూట్లకి మొహం పెట్టి, అంకుల్, ఇయ్యాల చారు అదిరింది! అని అరిచేది."

"మరి ఆ ముక్క ఎదురుగా వెళ్ళి చెప్పొచ్చుగా?"

"మొహం మీద చెప్పాలంటే సిగ్గుండె ఆంటీ. అంత గొడవైనంక... గూట్లకైతే ఈజీగుండె. చింతకాయ తొక్కు కావాలె అంకుల్ అని ఎన్నిసార్లన్ననో. మళ్ళ పెట్టనే లేదు. అలిగిండేమో అనుకున్నం. ఆయనకి వినపడేది గదా, ఆంటీ?"

నా చెయ్యి ఇంకా ఇవతలి తలుపు ఫోమ్ మీదే ఉంది.

"ఉండు, చూసి చెప్తాను," అని ఫోన్ పెట్టేశాను.

హరిణిని అవతల హాల్లోకి వెళ్ళి ఏదైనా మాట్లాడమన్నాను. ఏం మాట్లాడాలంది. చారు బావుందని చెప్పమన్నాను. నావైపు విచిత్రంగా చూసి వెళ్ళింది. నేను బల్ల దగ్గర కుర్చీ ఒకటి లాక్కొచ్చి, కాళ్ళు ఆ నాలుగు గుంటల్లో పడేలా వేసి, గూటి తలుపు మూసి కూచున్నాను.

ఫ్రిజ్ మోగుతోంది. దూరంగా నదివైపు ఒక లారీ. ఇంకేం లేదు. ఇంకా కాసేపు కూచున్నాను.

హరిణి చుట్టూ తిరిగి వంటింట్లోకొచ్చింది, మొహం ఎర్రగా చేసుకుని.

"గొంతు చించుకుని అరుస్తున్నా, ఒక్క మాటైనా పలకరేంటి ఆంటీ?" అంది.